పుచ్చుకోని తాంబూలం

సువర్ణశృంగ నగరపు దక్షిణ ద్వారానికి ఇత్తడి రేకులు తాపిన ఎత్తైన తలుపులు. ఆ తలుపుల మీద ఏనుగుల కుంభస్థలాలు చీల్చే సింహాలు, సింహాల జూలు మీద వాలిన చిలుకలు, చిలుకల ముక్కుల్లో పగడపు పండ్లు. వాన కడిగిన ఇత్తడి మీద ఉదయపుటెండ పడితే వచ్చేపోయేవాళ్ళ కళ్ళు చెదిరేవి. ఆనాడు ఆ ద్వారం ముందు తెల్లని గొడుగు పట్టించి, దాని కింద పట్టుగుడ్డ పరిచి, బంగారు పళ్ళెంలో లేత తమలపాకులు, పోకచెక్కలు, ముత్యపు సున్నం ఉంచారు. బయటికి పోయే ప్రతి మగవాడూ మహారాజు స్వహస్తాలతో తాకి పంపిన ఆ పళ్ళెంలోంచి తాంబూలం అందుకుని పోవాలి. అందుకున్నవాణ్ణి దయచేయమంటున్నారు. అందుకోనివాణ్ణి కట్టి తెమ్మని ఆజ్ఞ.

తాంబూలమిచ్చి పంపడం మర్యాద అని లోకమంతా అనుకుంటుంది. తాంబూలమిచ్చి మనుషుల్ని వల వేసి పట్టడం ఆ రాజ్యంలోనే చూశాం. వరుస నత్తనడక నడుస్తోంది. ముందున్న ఒక గూని బాటసారి తెరలు తెరలుగా దగ్గుతూ తాంబూలం అందుకుని, నోట పెట్టుకోకుండా రొండిన దోపుకుని వెళ్ళిపోయాడు. దగ్గినప్పుడల్లా అతని నోటివెంట సన్నగా పొగ వచ్చింది. చుట్ట మానలేని ముసలాడు కాబోలనుకుని భటులు పట్టించుకోలేదు.

అతని వెనుక కొంత దూరంలో, బోర్లించిన పెద్ద పుట్టిని నెత్తిన మోస్తూ ఒక జంట నిలబడి ఉంది. వెదురుబద్దలతో గంపలా అల్లి, అడుగున గేదెతోలు బిగించిన గుండ్రటి పడవ అది. మగవాడు బేతన, పుట్టి నడిపి బతికేవాడు. ఆడమనిషి అతని భార్య మైలమ. ఇద్దరూ ముఖాన బూడిద రాసుకుని, తోళ్ళ బేరగాళ్ళలా మురికిగుడ్డలు చుట్టుకున్నారు. బేతన కుడి భుజం మీద పసుపూ సున్నమూ కలిపిన పట్టు దళసరిగా వేసి ఉంది. బరువు మోసి బెణికిందని అడిగినవాళ్ళకు చెబుతున్నారు. ఆ పట్టు కింద ఉన్నది బెణుకు కాదు, శంఖం ఆకారంలో పుట్టుమచ్చ.

ఆ మచ్చ కోసమే రాజ్యమంతా ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. పడగకొండ గుహలో నిద్రపోతున్న రెక్కల మహాసర్పాన్ని, భుజాన శంఖమున్న వీరుడు మెరుపుకత్తితో సంహరిస్తాడని జోస్యం. ఆ జోస్యం విన్ననాటి నుంచీ రాజ్యంలో పనులన్నీ ఆగిపోయాయి. కాలువ పూడిందని రైతులు మొరపెట్టుకుంటే వీరుడు వస్తున్నాడుగా అన్నారు. నీలవేణి నది కట్ట బీటలిచ్చిందంటే వీరుడు రానీ అన్నారు. ఆ నది నడుమ ఉన్న రెల్లులంకకు వంతెన కడుతున్న కూలీలను పిలిపించి వీరుడి విగ్రహం చెక్కే పనిలో పెట్టారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వీరుడు దొరకకముందే నాలుగు వీధుల మొగలో నాలుగు విగ్రహాలు లేచాయి. వంతెన స్తంభాలు మాత్రం ఏటి మధ్య మొండిగా నిలబడిపోయాయి.

తీరా వీరుడు దొరికాడు. రేవులో స్నానం చేస్తుండగా బేతన మచ్చను ఎవరో చూశారు. ఏనుగు మీద ఊరేగించి సభకు తెచ్చారు. రాజగురువు మూడు వస్తువులు అతని ముందుంచాడు. కంట పెట్టుకుంటే భూమిలో దాగిన నిధులు కనిపించే అంజనం ఒకటి. కాళ్ళకు రాసుకుంటే మబ్బుల్లో ఎగరగలిగే లేపనం ఒకటి. మూడోది కొండను వెన్నలా కోసే మెరుపుకత్తి. బేతన వాటిని చాలాసేపు చూసి ఒక్కటే ప్రశ్న వేశాడు.

"స్వామీ, ఈ లేపనం రాసుకుంటే నేనొక్కణ్ణే ఎగురుతానా, నలుగురిని మోసుకుని ఎగరొచ్చా?"

"నువ్వొక్కడివే నాయనా. వీరుడి దారి ఒంటరి దారి."

"అయితే నాకు పుట్టే నయం స్వామీ" అని అతను లేచి నిలబడ్డాడు. సభ గొల్లుమని నవ్వింది. మహారాజు నవ్వలేదు.

ఆ రాజ్యపు ఆచారం ప్రకారం, ఎంతటి సాహసానికైనా రాజు తాంబూలం పెడతాడు. దాన్ని అందుకున్నవాడు పని నెత్తికెత్తుకున్నట్టే. అందుకోనంతవరకు జోస్యమున్నా, మచ్చ ఉన్నా పని మొదలైనట్టు కాదు. బేతన అందుకోలేదు. అది భయంతో కాదు. మైలమ పుట్టిల్లు రెల్లులంక. పడగకొండ నీడలో తరతరాలుగా బతికిన ఆ లంకవాళ్ళకు పాము సంగతి పండితుల కంటే బాగా తెలుసు. తనను చంపేవాడు పూనుకుంటేనే ఆ పాము నిద్ర లేస్తుంది. అతడు పూనుకోనన్నాళ్ళూ అది రాతితో సమానం. పైగా దానికి కళ్ళు లేవు. దాని గుడ్డితనానికి కనిపించేది లోకంలో మెరుపుకత్తి ఒక్కటే. ఈ మాట బేతన సభలో చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టయింది. వీరుడు పిరికివాడని కొందరు, గీరవాడని కొందరు అన్నారు. బేతన సభ నుంచి తప్పించుకుని ఊళ్ళోనే దాక్కుంటే, అతను నగరం దాటకుండా మహారాజు ద్వారం దగ్గర ఆ పళ్ళెం పెట్టించాడు.

పాము లేవాలని కోరుకునేవాడు మరొకడూ ఉన్నాడు. ధూమకంఠుడనే మాంత్రికుడు. వాడి శక్తులన్నీ ఆ పాముతో ముడిపడి ఉన్నాయి. అది నిద్రపోతున్నన్నాళ్ళూ వాడు వేషాలు మార్చడం, పొగ ఊదడం తప్ప ఏమీ చెయ్యలేడు. లోకంలో వీరుడి కోసం రాజు ఎంత తపించాడో వాడూ అంతే తపించాడు.

ఈ గొడవలో ఉండగానే లంక నుంచి మైలమ తల్లి కబురు పంపింది. ఎగువన నది కట్ట తెగింది, ఈ సాయంత్రానికి లంక మునుగుతుంది, ఉన్న పడవలు కొట్టుకుపోయాయి, అల్లుణ్ణి పుట్టి తీసుకుని రమ్మను అని. బేతనకు వేరే ఆలోచన లేకపోయింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని జనం అననీ అనుకున్నాడు.

వరుస కదిలి వాళ్ళ వంతు వచ్చింది. పళ్ళెం పక్కన దండనాథుడు భల్లటుడు నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసినా వెన్ను వంగని మనిషి. ఆయన కుడిచేతిలో మెరుపుకత్తి ఉంది. వీరుడి చేతిలో పెట్టేదాకా ఆ కత్తిని నేల తాకనివ్వనని యౌవనంలోనే ఒట్టు పెట్టుకున్నాడు. ఎడమచేత్తో తిని, కూర్చుని నిద్రపోయి, ఆ ఒట్టును ముసలితనం దాకా లాక్కొచ్చాడు.

"తాంబూలం అందుకో" అన్నాడు భల్లటుడు.

మైలమ ముందుకు వచ్చింది. "దొరా, మా ఆయన గంగమ్మ దీక్షలో ఉన్నాడు. ఆకు నోట పెట్టకూడదు."

"నోట పెట్టనక్కర్లేదమ్మా. చేత్తో అందుకుంటే చాలు."

"ఆ చేతికే బెణుకు దొరా."

"రెండో చేయి ఉంది కదా."

భల్లటుడు మెత్తగానే అన్నాడు కానీ చూపు బేతన భుజం మీది నుంచి తియ్యలేదు. అదే సమయానికి మబ్బు కమ్మింది. టపటప పెద్ద చినుకులు మొదలయ్యాయి. పసుపు పట్టు కరిగి, భుజం మీది నుంచి మోచేతి దాకా పచ్చటి చారలుగా కారింది. చారల మధ్య నల్లటి శంఖం కొద్దికొద్దిగా తేలింది.

"మావా, కందకం" అంది మైలమ గొంతు తగ్గించి.

ఇద్దరూ ఒక్క ఉదుటున పుట్టిని తలమీంచి లేపి భటుల మీదికి తోశారు. ఈటెలు వెదురుకు తగిలి పక్కకు పోయాయి. బంగారు పళ్ళెం దొర్లింది, గొడుగు కూలింది. పొంగిన కందకం ద్వారం పక్కనే తూములోంచి హోరుమని నదివైపు దూకుతోంది. పుట్టిని ఆ హోరులో పడేసి, ఇద్దరూ దానివెంట దూకారు. వెనుక నుంచి భల్లటుడి గొంతు వినిపించింది. "బాణాలు వెయ్యొద్దు. వీరుడికి దెబ్బ తగలకూడదు." ఆ ఒక్క మాటే వాళ్ళను బతికించింది.

తూము దాటగానే నీలవేణి లోయలోకి దిగే జలపాతాల వరుస. పుట్టి బొంగరంలా తిరుగుతూ మొదటి మెట్టు దూకింది. ఆకాశం కిందికీ నీళ్ళు పైకీ వెళ్ళినట్టయింది. రెండో మెట్టు దగ్గర నల్లబండ ఎదురైతే బేతన గెడతో పొడిచి తప్పించాడు, గెడ సగానికి చీలింది. మూడో మెట్టులో మైలమ అంచు దాటి పడబోతే జడ పట్టి లోపలికి లాగాడు. ఆ తరువాత ఏది మెట్టో ఏది మడుగో తెలియలేదు. నురగ తగ్గి నీరు ఎర్రగా మెత్తబడ్డాక చూసుకుంటే ఇద్దరూ బతికే ఉన్నారు. మైలమ వెక్కి వెక్కి ఏడ్చి, తరువాత నవ్వి, తెడ్డు అందుకుంది.

కొత్త గెడ కోసం గట్టున వెదురుపొద దగ్గర ఆగక తప్పలేదు. బేతన వెదురు నరుకుతుండగా, పొద వెనుక ఒక గుడిసె గుమ్మంలోంచి ముసలామె మైలమను పిలిచింది. ముఖాన కాసంత కుంకుమ బొట్టు, చేతుల నిండా గాజులు.

"తల్లీ, గౌరీదేవి నోము పట్టాను. ఆఖరి వాయనం అందుకునే ముత్తైదువ దొరక్క పొద్దున్నుంచీ పస్తున్నాను. నువ్వు అందుకుంటే నా నోము తీరుతుంది."

మైలమకు తొందరగా ఉంది. అయినా వాయనం ఇస్తానంటే కాదనే ఆడకూతురు ఆ దేశంలో పుట్టలేదు. ఆమె కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంది. ముసలామె చాటలో పసుపూ కుంకుమా, పోకచెక్కా, సున్నపు కాయా, తమలపాకులూ పెట్టి కొంగు కప్పి చాచింది.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకొంటినమ్మ వాయనం" అంది మైలమ, తల్లి నేర్పిన తీరులో ముమ్మారు.

ముసలామెకు దగ్గు వచ్చింది. నోటివెంట సన్నగా పొగ వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కదా, పొగ మింగి ఉంటుందని మైలమ అనుకుంది. చాటలోవి కొంగున మూటగట్టుకుని, దండం పెట్టి పరుగున వచ్చేసింది. ఆమె వెనుక గుడిసె, వెదురుపొద నీడలో కలిసి మాయమైన సంగతి వెనుదిరిగి చూడని మైలమకు తెలియలేదు.

మధ్యాహ్నానికి పడగకొండ కనిపించింది. చుట్టలు చుట్టుకుని పడగ విప్పిన నాగులాంటి కొండ. దాని పాదాల దగ్గర నీలవేణి రెండుగా చీలి లంకను కౌగిలించుకుంటుంది. మంచి కాలంలో ఆ లంక చూసి తీరాలి. వెండి కుచ్చుల్లా ఊగే రెల్లుపూలు, పాలపిట్టలు, తడి ఇసుక మీద తాబేళ్ళు గీసిన ముగ్గులు. ఇప్పుడు రెల్లు కొసలు మాత్రమే నీటిపైన ఉన్నాయి. జనం నడుమలోతు నీళ్ళలో ఉన్న ఊరి దిబ్బ మీద, పిల్లల్ని తలమీద పెట్టుకుని, ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. పుట్టిని చూసి ఎవరూ కేక వెయ్యలేదు. వాళ్ళ గొంతుల్లో అంత సత్తువ కూడా లేదు.

మైలమ తల్లి కుందమ నీళ్ళలోనే ఎదురొచ్చింది. కూతుర్ని ముట్టుకుని చూసుకుంది. మైలమ ఆమెను పుట్టి ఎక్కించబోతే చెయ్యి విదిలించుకుంది.

"ముందు పసిబిడ్డల తల్లుల్ని ఎక్కించండి. ఊరిపెద్దనే మొదట పోతే మిగతావాళ్ళ గుండె జారిపోదూ?"

అలా మొదలైంది దాటింపు. పుట్టి నిండా పిల్లల్నీ తల్లుల్నీ నింపడం, సుడులు తప్పించడం, అవతలి గట్టున దించడం, ఖాళీ పుట్టితో ఎదురీదినట్టు తిరిగి రావడం. బేతన అరచేతులు చిట్లి గెడ ఎర్రబడింది. మైలమ తెడ్డు వేస్తూ భర్త ముఖం చూస్తోంది. పెదవులు పాలిపోయాయి. మనిషి నిలబడి తూలుతున్నాడు. ఇంకా దిబ్బ మీద చాలామంది ఉన్నారు.

బేతనకు తమలపాకంటే ప్రాణం. రాజు తాంబూలం సంగతి మొదలయ్యాక పరాయి చేతి ఆకు ముట్టనని, మైలమ చుట్టి పెట్టిందే తింటానని నియమం పెట్టుకున్నాడు. వారం రోజులుగా దొరక్క అదీ లేదు. మైలమకు కొంగున మూట గుర్తొచ్చింది. గౌరీదేవి వాయనం, ఆడవాళ్ళ చేతుల మధ్య ఆడవాళ్ళ కోసం తిరిగేది. అందులో రాజుకూ కత్తికీ ఏం సంబంధం ఉంటుంది? ఆమె ఆకుకు సున్నం రాసి, పోకచెక్క పెట్టి, చిలక చుట్టి భర్త నోటికి అందించింది.

"తిను మావా. ఒంట్లోకి కాస్త వేడి వస్తుంది."

అతను కళ్ళతోనే నవ్వి నోరు తెరిచాడు.

ఆకు నమిలి మొదటి రసం మింగేసరికి నదిలో అలలు ఆగిపోయాయి. కప్పల బెకబెకలు ఆగాయి. పడగకొండ లోపలి నుంచి, ఎవరో బరువైన తిరగలి తిప్పినట్టు, ఒక మూలుగు మొదలైంది. కొండ శిఖరాన పొగ లేచింది. ఆ పొగలో కుంకుమ బొట్టు ముసలామె నిలబడి కనిపించింది. చూస్తుండగానే ఆమె గూని బాటసారి అయింది. రొండిన తాంబూలం దోపుకుని దగ్గుకుంటూ పోయిన బాటసారి. ఆ తరువాత జడలు విరబోసుకున్న ధూమకంఠుడు కనిపించి కడుపారా నవ్వాడు. రాజు పళ్ళెంలోని ఆకు ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి చేరిందో మైలమకు అంతా ఒక్కసారిగా అర్థమైంది.

"నా చేత్తోనే పెట్టాను మావా" అంది. ఆమె చేతిలోంచి తెడ్డు జారి పుట్టిలో పడింది.

బేతన నోటిలోది ఉమ్మలేదు. ఉమ్మి లాభం లేదు. భార్య ముఖం చూస్తే అతనికి తన భయం కంటే ఆమె మీద జాలే ఎక్కువైంది.

"ఆకు నీది. కుట్ర వాడిది. తిన్నది తిన్నాను, తిట్టుకోవడానికి తరువాత బోలెడు పొద్దుంది. ముందు వీళ్ళను దించుదాం."

కొండ గుహ పగిలింది. లోపలి నుంచి మహాసర్పం పాక్కుంటూ కాదు, పొంగి పారుతూ వచ్చింది. నల్లరాతి పలకల్లాంటి పొలుసులు, పొలుసుకూ పొలుసుకూ మధ్య కాలే నిప్పు. వాన దాని ఒంటి మీద పడి చుయ్‌మంటూ ఆవిరైపోతోంది. నిద్రలో పెరిగిన నాచు పీలికలై వేలాడుతోంది. పడగ మీద మాణిక్యం ఉదయసూర్యుడంత ఎర్రగా ఉంది. ఆ వెలుగులో, కళ్ళు ఉండాల్సిన చోట రెండు పాచి గుంటలు కనిపించాయి. అది రెక్కలు విప్పి, గుడ్డి తలను అటూ ఇటూ తిప్పి, ఒక దిక్కున ఆపింది. లంక వైపు కాదు. పుట్టి వైపూ కాదు. దాటించిన జనం గుడ్డలు పిండుకుంటున్న అవతలి గట్టు వైపు.

బేతన అటు చూశాడు. అక్కడ జనం మధ్యలో, ఒళ్ళంతా బురదతో, నురగలు కక్కుతున్న గుర్రం పక్కన భల్లటుడు నిలబడి ఉన్నాడు. గట్టు పొడవునా గుర్రాన్ని పరిగెత్తించి వీరుడి కోసం వచ్చేశాడు. ఆయన చేతిలో మెరుపుకత్తి తళతళ మెరుస్తోంది. చుట్టూ పిల్లలు.

పుట్టి గట్టుకు తగిలింది. మైలమ దిగి, ఎవరూ చెప్పకుండానే, జనాన్ని రాళ్ళ చాటుకు తోలడం మొదలుపెట్టింది. భల్లటుడు నీళ్ళలోకి వచ్చి, కత్తి పిడిని బేతన వైపు తిప్పి చాచాడు. ఆ ముసలి కళ్ళు తడిగా ఉన్నాయి.

"తాంబూలం పుచ్చుకున్నావు. పాము లేచింది. ఇక ఇది నీది నాయనా. ఈ పూట కోసమే నేను బతికాను."

"కత్తి మీ చేతిలోనే ఉండనీండి దొరా. పుట్టి ఎక్కండి."

"ఎక్కడికి?"

"అది కత్తి కోసం వస్తోంది. ఈ పిల్లల మధ్య నిలబడి కత్తి చేతులు మార్చుకుంటే ఎవరూ మిగలరు. ఎక్కండి."

ఆయన జీవితంలో ఒక పుట్టివాడు ఆయనను ఆజ్ఞాపించడం అదే మొదలు. అయినా పిల్లల్ని చూశాడు, ఆకాశం చూశాడు, ఎక్కాడు. బేతన గెడ వేసి ఏటి నడుమకు, వంతెన మొండి స్తంభం వైపు తోశాడు. పాము పైన వంపు తిరిగి, గట్టును వదిలి వాళ్ళ వెంట పడింది. దాని వేడికి ఇద్దరి వెంట్రుకలూ కమురుకంపు కొట్టాయి. ఎవరూ పూర్తి చెయ్యని ఆ స్తంభం దగ్గర, సుడి పక్కన, బేతన పుట్టిని రాతికి ఆనించి పట్టాడు.

"రాళ్ళ సందున కత్తి దించి వచ్చెయ్యండి దొరా."

భల్లటుడు స్తంభం ఎక్కాడు. కత్తి ఎత్తాడు. దించలేకపోయాడు.

"ఒట్టు పెట్టుకున్నాను బేతనా. వీరుడి చేతికి తప్ప నేలకు తాకనివ్వనని. నాకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఈ ఒట్టు ఒక్కటే ఉంది. చెయ్యి చాపు. ఇప్పుడైనా పుచ్చుకో."

"నా రెండు చేతులూ గెడ మీదున్నాయి దొరా. ఒకటి తీసినా పుట్టి సుడిలోకి పోతుంది. పుట్టి పోతే లంకలో మిగిలినవాళ్ళు పోతారు."

పైన రెక్కల చప్పుడు దగ్గరైంది. ఎర్రటి వెలుగు నీళ్ళ మీద పడింది. భల్లటుడు కదలలేదు. బేతనకు ఆయన్ని తిట్టాలని లేదు. ఒట్టుకు కట్టుబడి బతికిన మనిషిని చూస్తే అతనికి గౌరవమే కలిగింది, ఏడుపూ వచ్చింది.

"పుట్టిలో ఒక్కరికి చోటుంది దొరా" అన్నాడు. "కత్తికి లేదు."

ముసలాయన లంక వైపు చూశాడు. దిబ్బ మీద కుందమ గొంతులోతు నీళ్ళలో నిలబడి, ఒక ముసలతన్ని చంకన పట్టుకుని ఉంది. ఆమె పుట్టిని పిలవడం లేదు. వస్తుందని తెలిసినట్టు చూస్తోంది, అంతే. భల్లటుడు కళ్ళు మూసుకుని కత్తిని రాళ్ళ సందులోకి పిడి దాకా దించాడు. వేళ్ళు వెంటనే విడలేదు. ఎడమచేత్తో ఒక్కొక్కటే ఊడదీసుకోవాల్సి వచ్చింది. దూకాడు. పుట్టి అంచుదాకా కుంగి, తేలింది.

బేతన గెడ తన్నిన మరుక్షణాన పాము స్తంభం మీద పడింది. నది బద్దలైనట్టు లేచింది. చుట్ట మీద చుట్ట వేసి, నిప్పు నాలుకతో కత్తిని తడుముతూ, కనిపించని శత్రువు కోసం రాతిని నలిపేస్తోంది. కొండ మీద ధూమకంఠుడు నవ్వు ఆపి, అటు కాదు ఇటు అని చేతులూపుతున్నాడు. చెవులూ లేని ఆ పాముకు యజమాని గోల పట్టలేదు. స్తంభం రాళ్ళు ఒక్కొక్కటే ఊడి నీళ్ళలో పడుతున్నాయి. ఆఖరి రాయి ఊడితే కత్తి ఏట్లో పడుతుంది. ప్రవాహం దాన్ని ఎవరి కాళ్ళ దగ్గరికి చేరుస్తుందో చెప్పలేం.

భల్లటుడు ఖాళీ అయిన కుడి అరచేతిని తిప్పి చూసుకుంటున్నాడు. ఏళ్ళ తరబడి ముడుచుకున్న ఆ వేళ్ళు పూర్తిగా చాపుకోవడం లేదు. పుట్టి గట్టు వైపు కాక లంక వైపు తిరగడం గమనించి తలెత్తాడు.

"ఎటు పోతున్నాం?"

"ఇంకా కొందరున్నారు దొరా. మా అత్త ఉంది."

పుట్టి అడుగున మైలమ వదిలిన తెడ్డు కనిపిస్తే ముసలాయన వంగి తీసుకున్నాడు. సగం ముడుచుకున్న వేళ్ళు దాని పిడికి సరిగ్గా సరిపోయాయి.

"ఎలా వెయ్యాలో చెప్పు" అన్నాడు.

"మీ వైపుకు లాగండి దొరా. నీళ్ళను కొట్టకండి, లాగండి" అన్నాడు బేతన, లంక మీది నుంచి చూపు తిప్పకుండా.